వాస్కులైటిస్ ఉంటే ఫ్లూ టీకా వద్దా? మా ఓపీలో వినపడే అపోహలు

పోయిన వారం కావలి నుంచి ఒకామె వచ్చింది. ఎడమ చేతి నాడి అందదు, బీపీ పట్టీ కుడి చేతికే కట్టాలి. టకయాసు అనే రక్తనాళాల జబ్బు, వాస్కులైటిస్‌లో ఒక రకం; రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, వారానికోసారి ఇమ్యూనిటీని అణచే మెథోట్రెక్సేట్. ఫ్లూ టీకా వేయించుకోమ్మా అన్నాను. "ఇమ్యూనిటీ తిరగబడి వచ్చిన జబ్బని మీరే చెప్తిరి గదా సార్, మళ్ళీ దాన్ని రెచ్చగొట్టే సూదెందుకు?" అంది. అడిగినదాంట్లో న్యాయం ఉంది, అందుకే ఈ పోస్టు.

వాస్తవం ఏంటంటే, వాస్కులైటిస్‌లో ఒంటి రక్షణ వ్యవస్థ సొంత రక్తనాళాల గోడల మీదే పడుతుంది, దాన్ని అణచడానికి మేమిచ్చే మందులకి మంచీ చెడూ తేడా తెలియదు, వైరస్‌తో పోట్లాడే బలాన్ని కూడా తగ్గించేస్తాయి. వేరేవాళ్ళు నాలుగు రోజులు పడుకుని లేచే ఫ్లూ వీళ్ళకి న్యుమోనియా దాకా పోవచ్చు. జబ్బు ఉధృతంగా ఉన్నా, స్టెరాయిడ్ డోసు ఎక్కువున్నా ఈ టీకా ఆపక్కర్లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (ఇలాంటి జబ్బులు చూసే డాక్టర్ల సంఘం) 2022 మార్గదర్శకాల్లో ఉంది.

అపోహ: టీకాతోనే ఫ్లూ వస్తుంది. రాదు. సూదిలో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు నలతగా ఉండటం మామూలే. ముక్కులో కొట్టే స్ప్రే టీకా మాత్రం బతికున్న వైరస్, అది మీకు వద్దు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇంకోటి. టీకా పనిచేయాలని మాత్రలన్నీ సొంతంగా మానేసి వస్తారు. ఒంగోలు నుంచి వచ్చిన ఒకాయన పది రోజులు స్టెరాయిడ్ ఆపేసి, కళ్ళు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. చాన్నాళ్ళు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోతుంది, ప్రాణం మీదకి వస్తుంది. మెథోట్రెక్సేట్ మాత్రం, జబ్బు అదుపులో ఉంటే, టీకా తర్వాత రెండు వారాలు ఆపమంటాం, అదీ మీ డాక్టర్ చెప్తేనే. రిటుక్సిమాబ్ (ఇదీ ఇమ్యూనిటీని అణచే మందే) ఎక్కించుకోబోతుంటే, వీలైతే టీకా ముందు, రెండు వారాలయ్యాక ఆ మందు.

పోయినేడు వేయించుకున్నాం కదా అంటారు. ఆ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, సూదీ ఏటా మారుతుంది. వానలకి ముందే వేయించుకుంటే మంచిది, ఎందుకంటే పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది.

ఇంకో మాట, టీకా మందుల షాపులో కొని ఎండలో బస్సెక్కి చొక్కా జేబులో తేవద్దు బాబూ. అది 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ఐస్ ప్యాక్ పక్కన పెట్టుకుని తెండి, కానీ దానికి తగలనివ్వద్దు, గడ్డకట్టినా పాడవుతుంది.

ఈ మందుల మీద ఉన్నవాళ్ళకి టీకా కొంచెం తక్కువగా పట్టొచ్చు. అందుకే, ఇంట్లోవాళ్ళ నుంచి ఫ్లూ అంటకుండా, కావలి ఆమెతో పాటు వచ్చిన భర్తకీ, కాలేజీ కొడుక్కీ కూడా రాసిచ్చాను. "మాకెందుకు సార్, మేం బాగానే ఉన్నాం గదా" అన్నాడాయన, చొక్కా చెయ్యి పైకి మడుస్తానే.