నోటీసు బోర్డు ఉంది, వినే బోర్డు లేదు

2023 జనవరి 5న కామారెడ్డి కలెక్టరేట్ ముందుకు చుట్టుపక్కల పల్లెల రైతులు ఇంటిల్లిపాదీ తరలివచ్చారు. గొడవంతా పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద. పంట పండే తమ భూములు ఆ మ్యాపులో పరిశ్రమల జోన్‌లోకి వెళ్లాయని, రేపు ఇల్లు కట్టుకోలేం, ఆపదొస్తే అమ్ముకోనూ లేమని వాళ్ల భయం. అంతకు ముందు రోజే ఒక రైతు ఉరి వేసుకున్నాడు. అధికారులు మొదటినుంచీ చెప్పింది ఒకటే మాట: ఇది ముసాయిదా మాత్రమే, అభ్యంతరాలుంటే గడువులోగా రాసివ్వండి. చట్టం తెరిచి చూస్తే ఆ జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాలలోనూ దాదాపు ఇదే జరిగింది.

రాసిస్తే సరిపోయే అభ్యంతరం కోసం జనం రోడ్డెక్కాల్సి ఎందుకు వచ్చింది? ఎవరు రెచ్చగొట్టారు, ఎవరు రాజకీయం చేశారు అన్న చర్చ అప్పట్లో చాలానే సాగింది. నాకు మాత్రం దీని వేర్లు నూరేళ్ల వెనక కనిపిస్తాయి. మన ఊళ్లలో ఏది ఎక్కడ కట్టాలో తేల్చే పని ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో వరసగా చూస్తే, జనం మాట చెవిన వేసుకునే చోటు ఎక్కడ మూతపడిందో కూడా తెలుస్తుంది.

మొదట మద్రాసు సంగతి. పట్టణ ప్రణాళిక అనే మాటను ఇక్కడికి మోసుకొచ్చిన వాళ్లలో స్కాట్లాండ్‌కు చెందిన పాట్రిక్ గెడ్డెస్ ముఖ్యుడు. గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ పిలుపు మీద 1914లో బయల్దేరాడు. నగరాల మీద ఏళ్ల తరబడి కూడబెట్టిన పటాలు, నమూనాలు, బొమ్మల ప్రదర్శనను వేరే ఓడలో పంపించాడు. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ గుర్తుందిగా, ఆ జర్మన్ యుద్ధనౌకే దారిలో ఈ ఓడనూ ముంచేసింది. గెడ్డెస్ మిత్రులు మళ్లీ పటాలు పోగుచేసి పంపితే 1915 మొదట్లో మద్రాసులో ప్రదర్శన పెట్టారు. ఆయన బోధన కూడా ఆ రోజులకు వింతే. పాత బజారును కూల్చి నిటారు రోడ్డు వేయడం ప్రణాళిక కాదు, ముందు ఆ వీధిలో నడిచి అక్కడి మనుషులు ఎలా బతుకుతున్నారో చూడండి, అవసరమైన చోటే కత్తెర పెట్టండి అన్నాడు.

1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమల పట్టణాలకు ఇదే తొలి చట్టం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక పేరు మార్చుకుని తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. అందులో ఒక మంచి సంగతి ఉంది. ప్రణాళిక వేయాలా వద్దా అని మొదట తీర్మానించాల్సింది మున్సిపల్ కౌన్సిలే. ముసాయిదాను ప్రకటించాలి, భూమి గలవాళ్ల అభ్యంతరాలు తీసుకోవాలి. పరిహారం దగ్గర పేచీ వస్తే తేల్చడానికి మధ్యవర్తిని నియమించాలి. రోడ్డు పడి భూమి ధర పెరిగితే ఆ పెరుగుదలలో కొంత యజమాని నుంచి వసూలు చేయవచ్చు. అప్పటి కౌన్సిళ్లలో ఓటు ఆస్తిపరులదే కాబట్టి దాన్ని ప్రజాస్వామ్యం అంటే అతి అవుతుంది. అయినా ఊరి ప్రణాళిక ఊళ్లోనే పుట్టాలన్న ఆలోచన చట్టంలో ఉంది.

హైదరాబాద్‌ది వేరే దారి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. పేరుకు బోర్డే కానీ ఎవరో ఇచ్చిన దరఖాస్తు పరిశీలించడం దాని పని కాదు. అది తానే కట్టేది. ఇరుకు బస్తీలు ఖాళీ చేయించి ఇళ్ల వరసలు వేసింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీలో రాతి కమానుల దుకాణాలు కట్టింది. బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్న నిజాం కొడుకు పేరుతో 1935లో మొజంజాహీ మార్కెట్ లేచింది. చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. 1960లో ఈ బోర్డు కాస్తా హౌసింగ్ బోర్డులో కలిసిపోయింది.

అసలు మలుపు 1975. ఆ ఏడాది పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం చేసి, దాని కింద హైదరాబాద్ పట్టణ అభివృద్ధి సంస్థ, అదే హుడా, పెట్టారు. 1978లో విశాఖకు వుడా, విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి వీజీటీఎం ఉడా వచ్చాయి. నగరం మున్సిపాలిటీ గీత దాటి పెరుగుతోంది కాబట్టి పెద్ద పరిధి ఉన్న సంస్థ కావాలన్నది వాదన. వాదనలో పస ఉంది. కానీ ఆ వాదనతో పాటే ప్రణాళిక వేసే అధికారం ఓట్లేసి గెలిపించిన కౌన్సిల్ దాటి, ప్రభుత్వం నియమించిన సంస్థకు వెళ్లిపోయింది. 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేసి, పన్నెండో షెడ్యూల్‌లో మొట్టమొదటి అంశంగా పట్టణ ప్రణాళికనే రాశారు. అది మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా. మనదగ్గర అభివృద్ధి సంస్థలు అలాగే ఉన్నాయి సరికదా, 2008లో హుడా ఏడు వేల చదరపు కిలోమీటర్లు దాటిన హెచ్‌ఎండీఏ అయింది.

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్లి రావాలి. కారణం ఉంది. మన వాళ్లు వేలల్లో ఉంటున్న న్యూజెర్సీ రాష్ట్రం తన భూవినియోగ చట్టాన్ని చేసింది కూడా దాదాపు అప్పుడే. అక్కడ ఊరూరా ప్లానింగ్ బోర్డు ఉంటుంది. ఏడుగురో తొమ్మిదిమందో సభ్యులు. మేయరు, ఒక అధికారి, కౌన్సిల్ నుంచి ఒకరు, మిగతావాళ్లు ఆ ఊరివాళ్లే. ఎవరైనా పెద్ద భవనమో గుడో దుకాణ సముదాయమో కట్టదలిస్తే స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరికీ విచారణకు కనీసం పది రోజుల ముందు నోటీసు అందాలి. పోస్టులో పంపితే సర్టిఫైడ్ మెయిల్‌లోనే పంపాలి. విచారణ రోజున దరఖాస్తుదారుడి ఇంజినీరు ప్రమాణం చేసి మాట్లాడతాడు. కార్లు ఎటు తిరుగుతాయి, వాన నీరు ఎటు పోతుంది అని పక్కింటావిడ లేచి నేరుగా అతణ్నే అడగొచ్చు. చట్టం పెట్టిన గడువులో బోర్డు తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క.

అదేదో స్వర్గమని చెప్పడం లేదు. ఆ 1975లోనే న్యూజెర్సీ సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ అనే ఊరి కేసులో, జోనింగ్, అంటే ఏ చోట ఏం కట్టాలో చెప్పే నిబంధనల మాటున పేదల ఇళ్లను ఊళ్లోకి రానివ్వకుండా ఆపడం చెల్లదని తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఊరికి నోరిస్తే ఆ నోరు పొరుగువాణ్ని రావద్దని కూడా అనగలదు. మన గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపులు చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మన చట్టంలో ఆ పక్కింటావిడకు కుర్చీ లేదు. ప్లాన్ శాంక్షన్ అన్నది కమిషనరుకూ దరఖాస్తుదారుడికీ మధ్య వ్యవహారం. కార్పొరేటర్‌కు కూడా అందులో చట్టబద్ధమైన పాత్ర లేదు, ఉన్నది పలుకుబడి మాత్రమే. ఎత్తైన భవనాలకు మల్టీస్టోరీడ్ కమిటీ ఉంటుంది. అందులో అధికారులే కూర్చుంటారు. ఫైర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఎయిర్‌పోర్ట్ ఎన్‌ఓసీ, చెరువు దగ్గరైతే నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ, ఇవన్నీ చేరిందాకా ఫైలు తిరుగుతుంది. పక్క వీధి వాళ్లకు సంగతి తెలిసేది జేసీబీ వచ్చాకే.

జనానికి చట్టం ఇచ్చిన కిటికీలు రెండే. ఒకటి మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు. రెండోది భూవినియోగ మార్పిడి, అంటే నివాసం వాణిజ్యంగానో, వ్యవసాయం నివాసంగానో మారేటప్పుడు పేపర్లో వేసే నోటీసు. 1975 చట్టంలోని 12వ సెక్షన్ కింద ఇచ్చే ఆ నోటీసుకు సాధారణంగా పదిహేను రోజుల గడువు. టెండర్ల ప్రకటనల పక్కన చీమతలకాయంత అక్షరాలతో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఉంటాయి. ఆ పేజీ దాకా వెళ్లి చదివేవాళ్లు రియల్ ఎస్టేట్ వ్యాపారులు, లాయర్లు, నాలాంటి పనిలేని వాళ్లు.

2006లో జీవో 86 వచ్చింది. అప్పటిదాకా స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న లెక్క ఒకటి ఉండేది. ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. హైదరాబాద్‌లో దాన్ని ఎత్తేశారు. ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా వదిలారు, ఎత్తును బట్టి ఇవి చూస్తే చాలు. కోకాపేట, పుప్పాలగూడల్లో యాభై అంతస్తులకు తల పైకెత్తి చూస్తున్నామంటే మూలం ఆ కాగితంలో ఉంది. కట్టే విస్తీర్ణంలో పది శాతం తనఖా పెట్టించుకుని, ప్లాన్ ప్రకారం కట్టి, ఇక దిగొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) తీసుకున్నాకే విడుదల చేసే పద్ధతి కూడా అందులోదే, 2012 నాటి జీవో 168లోనూ కొనసాగింది. తనఖా మంచి ఉపాయం. కానీ చిన్న అపార్ట్‌మెంట్లలో అసలు సర్టిఫికెటే తీసుకోకుండా జనం దిగిపోతే? అదే ఎక్కువగా జరిగింది. ఓసీ లేకుండా కరెంటు, నీటి కనెక్షన్లు, బ్యాంకు రుణాలు ఇవ్వొద్దని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సినంతగా జరిగింది. ఆ కేసు ఉత్తరప్రదేశ్‌దే అయినా తీర్పు దేశమంతటికీ.

నిబంధన ఎలా వచ్చిందో అలాగే పోతుంది కూడా. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టిన జీవో 111 1996 మార్చిలో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 దాన్ని పక్కకు జరిపింది. పెట్టినప్పుడు ఆ రైతులను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. తీసినప్పుడు ఆ నీళ్లు తాగే ఊరినీ అడగలేదు.

ఇక లేఅవుట్ల సంగతి వేరే పురాణం. పార్కుకూ ఖాళీ స్థలానికీ పది శాతం వదలాలి, రోడ్లు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేయాలి, కొన్ని ప్లాట్లు తనఖా పెట్టాలి. ఇదంతా ప్రభుత్వ పట్టణ ప్రణాళికా శాఖ (డీటీసీపీ) లేఅవుటో హుడా లేఅవుటో అయితే. సర్పంచి సంతకంతో తెల్ల రాళ్లు పాతిన పంచాయతీ లేఅవుట్లో ఇవేవీ ఉండవు, గజం ధర మాత్రం తక్కువ. బడిపంతులు, ఆర్టీసీ కండక్టరు కొనగలిగింది అదే కాబట్టి కొన్నారు. 2007 డిసెంబరు 31న ప్రభుత్వం రెండు జీవోలు కలిపి విడుదల చేసింది. 901 కట్టడాలకు, 902 లేఅవుట్లకు. అనుమతి లేని కట్టడాలను ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించేది బీపీఎస్, లేఅవుట్లను ఎల్‌ఆర్‌ఎస్; ఈ మాటలు అప్పుడే ఇంటింటి మాటలయ్యాయి. ఒక్కసారికే అన్నారు. 2015లో మళ్లీ వచ్చింది, 2020లో మళ్లీ. ఆఖరి విడతకు తెలంగాణలో పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. 2025 మార్చి 31లోపు కడితే పాతిక శాతం రాయితీ అని కూడా ప్రకటించారు. ఉల్లంఘన ముందు, ఫీజు తర్వాత అన్న అలవాటు జనానిది ఎంతో ప్రభుత్వానిదీ అంతే. తప్పు చేసినవాడు ప్లాట్లమ్మి వెళ్లిపోయాడు, డబ్బు కడుతున్నది కొన్నవాడు.

ఫైలు మీద చేయి తడపందే కదలదన్న పాత ఫిర్యాదుకు మందుగా తెలంగాణలో 2020లో ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి టీఎస్ బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తులోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు పది మీటర్ల ఎత్తుకు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. ఆపైన 21 రోజుల్లో చెప్పకపోతే ఇచ్చినట్టే. ఆంధ్రప్రదేశ్‌లోనూ లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, అంటే లైసెన్సున్న ఇంజినీరో ఆర్కిటెక్టో ఇచ్చే ధ్రువీకరణ మీద చిన్న భవనాలకు అనుమతిచ్చే పద్ధతి నడుస్తోంది. నిజం చెప్పాలంటే ఇది మధ్యతరగతికి పెద్ద ఊరట. నా మిత్రుడొకడు 2005లో రెండంతస్తుల ఇంటి ప్లాన్ కోసం ఏడు నెలలు తిరిగాడు. వాడి కొడుక్కి మొన్న భోజనం చేసి లేచేలోపు కాగితం వచ్చింది. అయితే సాఫ్ట్‌వేర్ సెట్‌బ్యాక్ కొలుస్తుంది కానీ, నాలా పూడ్చి కడుతున్నారని ఎదురింటి ముసలాయన చెప్పే మాట వినదు. ఆ మాట వినడానికి 2024 జూలైలో హైదరాబాద్‌లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా పుట్టింది, అదీ కట్టేశాక కూల్చడానికి.

కొన్నేళ్ల కింద మా వైపు ఒక మున్సిపాలిటీలో ముసాయిదా ప్లాన్ పెట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. నోటీసు బోర్డు మీద ఇంటిపన్ను బకాయిల జాబితా ఉంది. మ్యాపు గురించి అడిగితే అటెండరు ఒక గది చూపించాడు. బీరువా పక్కన గోడకు వేలాడుతోంది, సగం బీరువా వెనకే. పసుపు ఇళ్లకు, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ పార్కులకు. సర్వే నంబర్లు భూతద్దం పెట్టినా ఆనవు. నాతోపాటు వచ్చిన రైతు తన చేను ఎక్కడుందో వాగు గీతను పట్టుకుని వెతికాడు. వేలు పెట్టిన చోట రంగు ఆకుపచ్చ. సంతోషపడ్డాడు, పొలమే కదా పచ్చగా ఉంటుందని. అది పార్కు అని, అంటే అక్కడ గోడ కూడా లేపలేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కాసేపాగి చెప్పాను.

ఇద్దరం బయట టీ కొట్టు దగ్గర కూర్చుని అభ్యంతరం రాశాం. సర్వే నంబరు, విస్తీర్ణం, పాస్ పుస్తకం నకలు, ఏం మార్చాలో రెండు వాక్యాలు. లోపల ఇన్‌వర్డ్ ముద్ర వేయించి రెండో ప్రతి తీసుకున్నాం. పిలిచి మాట్లాడతారా అని అడిగాడు ఆయన. గుమస్తా తలెత్తకుండానే, పైకి పంపుతాం అన్నాడు.