యాభై రూపాయల జుర్మానా వెనక

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి ‘జీవాలు’ అంటారు. జీవాలను తోలుకపోయిండంటే చాలు, ఇంకేం విడమరచక్కర్లేదు. అదే నోటితో ఎవరినో ‘గొడ్డును బాదినట్టు’ బాదారనీ అంటారు. గొడ్డు మీద అంత దెబ్బ పడుతుందనీ, దానికీ నొస్తుందనీ తెలిసినవాళ్లే ఆ పోలిక తేగలరు. తెలిసీ కొట్టేవాళ్లను ఏం చేయాలన్న దగ్గరే చట్టం తడబడుతూ వచ్చింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మొదటిసారి పట్టుబడితే జుర్మానా 10 రూపాయల నుంచి 50 దాకా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల వరకు జైలు. ఆ రోజుల్లో యాభై అంటే జీతగానికి బరువే. ఇప్పుడు హన్మకొండలో నలుగురు చాయ్ తాగితే చెల్లు.

పశువులను హింసించొద్దని 1822లో బ్రిటన్ చట్టం చేసింది. బ్రిటిష్ ఇండియాకు అలాంటిది 1890లో వచ్చింది. మనది అప్పుడు నిజాం రాజ్యం, ఆ చట్టం పరిధి మన గడప దాకా రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటివ్వడంతో వెనక్కి తీసుకున్నారు. అలా 1960 చట్టం పుట్టింది.

దానిలో 11వ సెక్షన్ కొట్టడం, మోయలేని బరువు వేయడం, తిండి పెట్టకపోవడం అన్నీ నేరమంటుంది. అదే సెక్షన్ కింద మినహాయింపులున్నాయి: నిర్ణయించిన పద్ధతిలో చేస్తే కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాత పెట్టడం, ముక్కుతాడు వేయడం తప్పు కాదు. రైతు చేతిలో కోడె పడే పెద్ద నొప్పులు దాదాపు ఈ నాలుగే! వెనకట కోడెను పడేసి, కాళ్లు కట్టి, విత్తులు నలగ్గొట్టేవారు. తర్వాత పశువుల దవఖానల్లోకి బర్డిజో పట్కారు వచ్చింది. లోపలి నరాలను పైనుంచే నొక్కేస్తుంది, నెత్తురు రాదు. చూసేవాడికి హాయి. మత్తు సూది ఇవ్వకపోతే కోడెకు మాత్రం కాదు.

జంతువు గడియారం లాంటి యంత్రమని 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్ వాదించాడు. అవి ఆలోచిస్తాయా, మాట్లాడతాయా అని కాదు, బాధపడతాయా అని అడగండని 1789లో ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్ అన్నాడు. 1872లో డార్విన్ మనుషుల, జంతువుల భావాలను పక్కపక్కన పెట్టి పుస్తకమే రాశాడు. అయినా 20వ శతాబ్దంలో చాలాకాలం శాస్త్రవేత్తలు ఆ మాట ఎత్తడానికి జంకారు. వాళ్లనేం అనాలి, 1980ల దాకా పసిగుడ్డులకే సరైన మత్తు లేకుండా ఆపరేషన్లు జరిగాయి, అంత చిన్న ప్రాణానికి నొప్పి తెలియదన్న నమ్మకంతో.

గొర్రెల సంగతి నాకు మరీ ఇష్టం. మందలో ఏది తప్పిపోయిందో గొల్లకురుమలు మొఖాలు చూసి చెప్పేస్తారు. గొర్రెలూ ఒకదాన్నొకటి అలాగే గుర్తుపడతాయని 2001లో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రాహాం సంస్థ పరిశోధకులు తేల్చారు. తోటి గొర్రెల మొఖాలు యాభై, రెండేళ్లకు పైగా మరవలేదట. తెలివి తక్కువోణ్ని గొర్రె అనడం ఇక కుదరదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో జీవాలు దిగాయి. ధర, మేత, చావుల మీద ఎంతో వాదన నడిచింది. ఎరిగిన మొఖాలన్నీ ఒక్కరోజులో పోగొట్టుకొని దిగిన జీవం గురించి మాత్రం ఎవరూ మాట్లాడినట్టు లేదు.

చేప దగ్గరికి వచ్చేసరికి పేచీ ఇంకా తెగలేదు. 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, వెనిగర్‌లో ఉండే ఆమ్లం ఎక్కించింది. అవి అటూ ఇటూ ఊగాయి, గంటల తరబడి మేత ముట్టలేదు. ఆమ్లం ఎక్కించినవి పెదవులను గులకరాళ్లకు రాసుకున్నాయి. మార్ఫిన్ ఇస్తే ఆ బాధ తగ్గింది. మనిషి మెదడులోని పైపొర చేపకు లేదు కాబట్టి అది నొప్పి కాదు, ఉలికిపాటు మాత్రమేనని కాదనేవాళ్లున్నారు. 2012లో కేంబ్రిడ్జ్‌లో కొందరు శాస్త్రవేత్తలు చైతన్యానికి ఆ పైపొర తప్పనిసరి కాదని ప్రకటించారు. క్షీరదాలు, పక్షులతో పాటు ఆక్టోపస్‌నూ లెక్కలో చేర్చారు, చేపల పేరు ఎత్తలేదు.

మన కోర్టుల్లో జల్లికట్టును ఆపేసిన 2014 తీర్పు పెద్ద మలుపు. ఆకలి, నొప్పి, భయం లాంటివి లేకుండా బతికే అయిదు స్వేచ్ఛలు 1960 చట్టంలోనే ఇమిడి ఉన్నాయని సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం, జల్లికట్టును మళ్లీ అనుమతించిన తమిళనాడు చట్ట సవరణను నిలబెట్టింది, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పడానికి ముందటి తీర్పుల ఆధారం లేదంది. జుర్మానా పెంచే ముసాయిదాను 2022 నవంబరులో కేంద్రం జనం ముందు పెట్టింది, దాన్ని చట్టం చేయలేదు. 2024 జులై నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత మాత్రం పశువును చంపినా, అవిటిది చేసినా అయిదేళ్ల దాకా జైలంటుంది. పశువు ఖరీదు పది రూపాయలా, యాభయ్యా అని చూసి శిక్ష తేల్చే ఐపీసీ నాటి పాత లెక్క పోయింది. ఆ సెక్షన్ ఇప్పటికీ ఆస్తి నష్టం నేరాల మధ్యే ఉంది.

1960 చట్టం ‘జంతువు’ అంటే మనిషి కాని ఏ ప్రాణైనా అని రాసుకుంది. తొట్టిలో ఈదుతున్న కొర్రమట్టా అందులోదే. నీళ్లు లేకున్నా అది గాలి పీల్చి చాలాసేపు బతుకుతుంది కాబట్టే ప్రాణంతో అమ్ముతారు. జారిపోకుండా బూడిద రాసి, తల మీద కట్టెతో కొడతారు. తిండికోసం చంపితే మాఫీ, ‘అనవసర బాధ’ పెట్టకపోతే. కొర్రమట్టకు ఎన్ని దెబ్బల దాకా అవసరమో ఆ చట్టంలో ఎక్కడా లేదు.