పెరటి పశువుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

"మావి నాలుగు కోళ్లు, రెండు మేకలు. యాంటీబయాటిక్స్ గొడవ పెద్ద ఫారాలవాళ్లది కదా డాక్టర్ గారూ?" పశువైద్యంలో ఉన్నవాళ్లం తరచూ వినే మాట ఇది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే.

అపోహ: మేం మందే వాడలేదు, మా కోళ్లలో మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా ఎలా ఉంటుంది?

వాస్తవం: ఉండొచ్చు. కొత్తగా కొన్న పిల్లలతో, మురికి నీటితో, ఎలుకలతో, ఒక్కోసారి మన చేతులతోనే అది పెరట్లోకి వస్తుంది. మందును తట్టుకునే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా వాటిని పక్కదానికి అందించగలదు, అది వేరే జాతిదైనా సరే. కోలిస్టిన్ అనే మందును, ఏ మందూ పనిచేయని రోగుల కోసం చివరి అస్త్రంగా దాచుకుంటారు. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువును 2015లో చైనాలో పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో గుర్తించారు. పశువుల కొట్టానికీ ఆసుపత్రి వార్డుకూ మధ్య గోడ లేదు. పెరట్లో అయితే పిల్లలు, కోళ్లు ఒకే మట్టిలో తిరుగుతుంటారు.

అపోహ: జబ్బు రాకముందే నీళ్లలో ఒక మాత్ర కలిపితే మంచిది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. చాలీచాలని మోతాదుకు బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది. ఏ కోడి ఎంత తాగిందో తెలియదు. జబ్బుపడ్డ కోడి అసలు నీళ్లే సరిగా తాగదు. పైగా కోళ్లకు సోకే కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. దానికి టీకాయే రక్ష.

అపోహ: ఉడికిస్తే, కాచితే అన్నీ పోతాయి.

వాస్తవం: సగమే నిజం. బాగా ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది. కానీ పచ్చి మాంసం కోసిన కత్తితోనే సలాడ్ ముక్కలు కోస్తే? పెంట ఎత్తిన చేతులు కడుక్కోకపోతే? పాలలో మిగిలిన మందు కూడా కాచినంత మాత్రాన పూర్తిగా పోదు. అందుకే మందు ఆపాక డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా పాలు, గుడ్లు వాడకూడదు. ఆ పాలు పారబోయడానికి మనసొప్పక దూడకు పడతారు. అప్పుడు దూడ పేగుల్లోనే మొండి బ్యాక్టీరియా పెరగడానికి దారి దొరుకుతుంది.

అపోహ: అయితే యాంటీబయాటిక్ పూర్తిగా మానేయాలి.

వాస్తవం: అస్సలు కాదు. బ్యాక్టీరియా జబ్బుతో బాధపడుతున్న పశువుకు సరైన మందు ఇవ్వాల్సిందే. ఏది సరైనదో ఊహించకండి. పొదుగువాపు మళ్లీ మళ్లీ వస్తుంటే పాలను కల్చర్ పరీక్షకు, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, పంపమని అడగండి. నమూనాను మొదటి ఇంజెక్షన్‌కు ముందే తీయించండి, మందు పడ్డాక తీస్తే పరీక్షలో ఏమీ పెరగకపోవచ్చు.