ఫొటోలు, సినిమా దుస్తుల ఎగ్జిబిషన్లు: అపోహలు - వాస్తవాలు

ఎగ్జిబిషన్లు చూసి సమీక్షలు రాయడం నా పని. మనుషుల ఫొటోలు, సినిమా దుస్తులు పెట్టిన గదుల్లో కొన్ని మాటలు పదే పదే వినిపిస్తుంటాయి. వాటిని నమ్మి, చూడాల్సింది చూడకుండానే చాలామంది బయటికి వచ్చేస్తున్నారు.

అపోహ: లైట్లు ఇంత తక్కువగా పెట్టారంటే మ్యూజియం వాళ్లకు శ్రద్ధ లేదు.

శ్రద్ధ ఉండబట్టే తగ్గించారు. వెలుగు తగిలేకొద్దీ బట్ట వెలిసిపోతుంది, దారం పెళుసవుతుంది. పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే దుస్తుల మీద వెలుతురు సాధారణంగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. కళ్లు అలవాటుపడేదాకా కాసేపు ఆగండి, కుట్లు కూడా కనిపిస్తాయి. లేబుల్ చదవలేకపోతే మాత్రం అది లోపమే. సమీక్షలో ఆ మాట నేను తప్పకుండా రాస్తాను.

అపోహ: ఫొటోలే కదా, ఫోన్‌లో చూసినా ఒకటే.

1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో అంటే వెండి పూసిన రాగి రేకు. అది అద్దంలా మెరుస్తుంది. ఎదురుగా నిలబడితే మన మొహమే కనిపిస్తుంది, కాస్త పక్కకు ఒరిగితే అందులోని మనిషి తేలి వస్తాడు. ఫోన్‌లో ఇది జరగదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ 1979-84 మధ్య అమెరికా పశ్చిమ ప్రాంతంలో బొగ్గు గని కార్మికుల్లాంటి మామూలు మనుషుల్ని తెల్ల కాగితం ముందు నిలబెట్టి తీశారు. ఆ ప్రింట్లు మనిషి కంటే పెద్దవి. మొహం మీది మసి దగ్గర మన చూపు ఆగిపోతుంది. ఇంకోటి, లేబుల్ మీద రెండు సంవత్సరాలు ఉంటే ఒకటి ఫొటో తీసినది, రెండోది ప్రింట్ వేసినది. రెండూ చదవండి.

అపోహ: సినిమాలో వాడిన డ్రెస్ ఒక్కటే అసలైనది.

షూటింగ్‌లో చిరుగుతాయి, తడుస్తాయి, ఫైట్ సీన్లకు డూప్‌లు వేసుకుంటారు. అందుకే ఒకే డ్రెస్ నాలుగైదు కుట్టిస్తారు. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లోని ఎర్ర తళుకుల చెప్పులనే చూడండి. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్న జత అడుగున మందపాటి ఫెల్ట్ గుడ్డ అంటించి ఉంది, డాన్స్‌లో చప్పుడు రాకుండా. 2005లో మిన్నెసోటాలోని ఒక మ్యూజియం నుంచి దొంగిలించిన జత 2018లో దొరికింది. రెండిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే ఒక జతలోని చెప్పు ఇంకో జతలోకి ఎప్పుడో మారిపోయిందని తేలింది. అన్నీ అసలైనవే!

అపోహ: మరకలు, చిరుగులు ఉన్నాయంటే సరిగా దాచలేదు.

చాలాసార్లు అవి కావాలని చేసినవే. కొత్త బట్టను గరుకు కాగితంతో రుద్ది, రంగులు పూసి పాతదానిలా చేస్తారు. అదొక ప్రత్యేకమైన పని.

అపోహ: డ్రెస్ గొప్పతనమంతా వేసుకున్న స్టార్‌దే.

ఇది నాకు నిజంగా బాధ కలిగించే మాట. 'గాంధీ' చిత్రానికి జాన్ మొల్లోతో కలిసి ఆస్కార్ గెలిచిన భాను అథైయా, ఆ అవార్డు అందుకున్న తొలి భారతీయురాలు. అది కాస్ట్యూమ్ డిజైన్‌కే వచ్చింది. స్టార్ పేరు పెద్దక్షరాల్లో వేసి డిజైనర్ పేరు వదిలేసిన లేబుల్ కనిపిస్తే, ఆ పేరేంటో కనుక్కుని మరీ నా సమీక్ష మొదటి పేరాలో రాస్తాను.