గుండెకి నిద్రెప్పుడు?

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, రాత్రి నేను పడుకుంటా కదా, మరి నా గుండె ఎప్పుడు పడుకుంటుంది?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. బస్సులో ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మా వీధి చివర బోరింగు ఉండేది. పొద్దున్నే బిందె పట్టుకుని నేనే వెళ్లేవాణ్ణి. హ్యాండిల్ కిందికి నొక్కితే నీళ్లు పడేవి, పైకి ఎత్తితే పడేవి కావు. ఎత్తడం దండగనుకుని సగమే ఎత్తి గబగబా కొట్టేవాణ్ణి. చేతులు లాగేవి గానీ బిందె నిండేది కాదు. "పూర్తిగా ఎత్తరా నాయనా, అప్పుడే నీళ్లందుతాయి" అంది వెనక నిలబడ్డ ఒక పెద్దమ్మ.

గుండె కూడా పిడికిలంత బోరింగే. కాదు, గోడ కలిసిన రెండు బోరింగులు. ఒక్కోదానికి పైన రక్తం వచ్చి చేరే గది, కింద తోసే గది. కుడిది ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తాన్ని పక్కనున్న ఊపిరితిత్తులకి పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకొచ్చిన రక్తాన్ని ఎడమది తల నుంచి కాలివేళ్ల దాకా తోస్తుంది. అంత దూరం తోయాలి కాబట్టి ఎడమ గోడ బాగా మందం. రక్తం వెనక్కి రాకుండా నాలుగు కవాటాలు. అవి మూసుకునే చప్పుడే మనకి వినిపించే "లబ్ డబ్".

ఒకసారి మా బోరింగులో వాచరు పోయింది. ఎంత కొట్టినా నీళ్లు కిందికే జారిపోయేవి. రిపేరు చేసే ఆయన పైపులన్నీ పైకి లాగి, నల్లగా నానిపోయిన తోలుముక్క నా చేతిలో పెట్టాడు. అరచేతిలో సగం లేదు. దానికోసం వీధి వీధంతా వారం రోజులు చెరువుకి నడిచింది!

పెద్దవాళ్ల గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. ఉన్న రక్తాన్నే తిప్పి తిప్పి రోజుకి 7,000 లీటర్ల పైనే తోస్తుంది. మా బిందెతో కొలిస్తే 480 బిందెలు. నేను నాలుగు మోసి నడుం పట్టుకునేవాణ్ణి.

ఇక నీ ప్రశ్న. సెకనుని పది భాగాలు చెయ్యి. ఒకసారి కొట్టుకోవడానికి ఎనిమిది భాగాలు పడుతుంది. కింది గదులు బిగుసుకుని తోసేది అందులో మూడే. మిగతా ఐదు వదులుగా ఉండి రక్తం నింపుకుంటాయి. రోజు మొత్తానికి అది 15 గంటలు! గుండె కండకి కావలసిన రక్తం కూడా ఎక్కువగా అప్పుడే అందుతుంది. అంటే నీ గుండె, కొట్టుకున్న ప్రతిసారీ ఒక కునుకు తీస్తుందన్నమాట. పరీక్షల టెన్షన్‌తో రాత్రంతా మేలుకునే అన్నయ్యకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

బోరింగుని కొట్టడానికి మనిషి కావాలి. గుండెకి ఎవరూ అక్కర్లేదు. కుడి పై గదిలో చిన్న కణాల గుంపు తనే కరెంటు పుట్టిస్తుంది. ఇంటర్‌లో కప్పని కోసినప్పుడు, బయటికి తీసిన గుండె ఉప్పునీళ్ల గిన్నెలో కొట్టుకుంటూనే ఉంది. బెల్లు కొట్టినా నేను కదల్లేదు. ఆ రోజు అన్నం సహించలేదు.

1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు కాగితాలు గొట్టంలా చుట్టి ఒక రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. నువ్వూ నోట్‌బుక్కు చుట్టు. అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు చెవి పెట్టి, "డబ్" తర్వాత వచ్చే నిశ్శబ్దం విను. తర్వాత పక్కింటి పాపాయిది విను. ఇద్దరిదీ నిమిషానికెన్నో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య