"మాటలు ఎప్పుడొస్తాయి మేడమ్?": ఆటిజంపై అపోహలు, వాస్తవాలు

నేను స్పీచ్ థెరపిస్టును. గదిలోకొచ్చిన అమ్మానాన్నలు కుర్చీలో కూర్చోకముందే అడిగేది ఇదే ప్రశ్న.

అపోహ: మగపిల్లలకు మాటలు ఆలస్యమే. వాళ్ళ నాన్నకూ ఐదేళ్ళకే వచ్చాయి.

మాటల సంగతి కాసేపు పక్కన పెట్టండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? విమానం కనబడితే వేలెత్తి చూపించి, మీరూ చూశారా అని మీ మొహంలోకి చూస్తున్నాడా? ఏడాదిన్నర దాటినా ఇవి లేకపోతే నాన్న కథ చెప్పుకుంటూ ఆగొద్దు. పిల్లల ఎదుగుదల లోపాలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం ఉంది, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

అపోహ: కావలసింది మాటతో కాక బొమ్మ చూపించి అడిగే కార్డులు అలవాటైతే ఇక నోరు విప్పడు.

నాకు ఎక్కువ గొడవలయ్యేది ఇక్కడే, అదీ నాయనమ్మలతో. ఒక ఐదేళ్ళ బాబు దాహమేస్తే తల గోడకేసి కొట్టుకునేవాడు. ఫ్రిజ్ తలుపుకి గాజు గ్లాసు ఫొటో అంటించాం, వాడు దానివైపే చూడలేదు. తప్పు నాదే. వాళ్ళింట్లో తాగేది స్టీలు గ్లాసుతో. ఆ గ్లాసునే ఫోనులో ఫొటో తీసి అంటిస్తే, మూడో వారానికి పీక్కొచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. తల కొట్టుకోవడం తగ్గింది. కార్డులు మాటలకు అడ్డుపడవు, చాలామందిలో సాయపడతాయి కూడా. "నీళ్ళు అంటేనే ఇస్తా" అని దాహంతో ఉన్న పిల్లాడికి పరీక్ష పెట్టకండి.

అపోహ: ఆటిజం టీకాల వల్ల వస్తుంది, స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తే పోతుంది.

టీకాల పుకారుకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆటిజానికి స్టెమ్ సెల్స్ వాడొద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అయినా పొలం అమ్మి మరీ చేయిస్తున్నారు.

అపోహ: కన్నవాళ్ళం మేముండగా గార్డియన్ కాగితమెందుకు?

18 నిండితే చట్టం లెక్కలో మీవాడు మేజర్, మీ సంతకం వాడి సంతకం కాదు. గార్డియన్‌గా ఉండాలంటే, ఆటిజం, మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందరికీ అక్కర్లేదు, తన నిర్ణయాలు తానే తీసుకోగలవాళ్ళకు గార్డియన్‌ని అంటగట్టొద్దు. నేషనల్ ట్రస్ట్‌వారిదే నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకూ పనికొస్తుంది.

వీటికి ముందు వైకల్య సర్టిఫికెట్ కావాలి. అది ఇచ్చే సదరం క్యాంపుకు వెళ్ళేరోజు వాడి స్టీలు గ్లాసు కూడా సంచిలో వేసుకోండి. క్యూ పొడుగ్గా ఉంటుంది.