కణ భౌతికశాస్త్రంలో మోడల్స్: అపోహలు - వాస్తవాలు

"లేని కణాన్ని ఊహించి ఒక పేపర్ రాస్తారు. అది దొరక్కపోతే ఇంకాస్త బరువైన కణాన్ని ఊహించి ఇంకో పేపర్ రాస్తారు." మా పని గురించి బయట వినిపించే మాట ఇంచుమించు ఇదే. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి కోపం తెచ్చుకోను. కణ భౌతికశాస్త్రంలో మోడల్స్ (ఏ కణాలు, ఏ బలాలు ఉండొచ్చో చెప్పే గణిత ఊహలు) కట్టడం, అవి నిజమైతే ప్రయోగాల్లో ఎలా బయటపడతాయో లెక్కగట్టడం నా వృత్తి. దీని గురించి బాగా చదువుకున్నవాళ్లలోనూ పాతుకుపోయిన అపోహలు కొన్ని ఉన్నాయి. మొదటిది అన్నిటికంటే పెద్దది, మిగతావాటిలో సగం దాన్నుంచే పుట్టాయి.

అపోహ: మోడల్ రాసినవాళ్లు అది నిజమని నమ్మే రాస్తారు

నమ్మనక్కర్లేదు. చాలాసార్లు నమ్మం కూడా. మోడల్ పేపర్ మొత్తం "ఉంటే", "అయితే" అనే మాటల మీదే నడుస్తుంది. ఇలాంటి కణం ఉంటే, దాని బరువు ఇంత అయితే, ఫలానా డిటెక్టర్‌లో ఇన్నిసార్లు కనబడాలి. అక్కడ కనబడితే ఫలానా చోట కూడా దాని జాడ ఉండాలి. వార్తల్లోకి వచ్చేసరికి ఆ "ఉంటే" రాలిపోతుంది, "కొత్త కణం కనిపెట్టారు" అన్న హెడ్డింగ్ మిగులుతుంది.

2015 డిసెంబరులో జెనీవా దగ్గరి కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ ఒక సంగతి బయటపెట్టాయి. జంట ఫోటాన్లు (కాంతి కణాలు) పుట్టే ఘటనలు 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తినీ ద్రవ్యరాశినీ కొలిచే యూనిట్) దగ్గర రావలసినదానికంటే కాస్త ఎక్కువ వస్తున్నాయి. అంతే, తర్వాతి ఎనిమిది నెలల్లో దాన్ని వివరిస్తూ 500కు పైగా పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టులో మరింత డేటా చేర్చి చూస్తే అక్కడ ఏమీ లేదు. అది గణాంకాల్లో మామూలుగా వచ్చే ఎగుడుదిగుడే.

అన్ని వందల మంది మోసపోయారని అప్పట్లో చాలామంది నవ్వారు. ఆ పేపర్లు చదివితే అలా అనిపించదు. అవి ఒకదాన్నొకటి కాదనుకునేవే. ఒకే రచయిత పేరు పొసగని రెండు వివరణల మీద కనబడుతుంది. అన్నీ నిజం కావడం కుదరదని రాసినవాళ్లందరికీ తెలుసు. వాళ్లు చేసింది ఏమిటంటే, ఇది నిజంగా కణమే అయితే తర్వాత ఎక్కడెక్కడ వెతకాలో జాబితా తయారు చేయడం.

అయినా ఐదు వందలు కావాలా అంటే, అక్కర్లేదు. యాభై సరిపోయేవి. మిగతావి చాలావరకు సైటేషన్ల కోసమే అని నా అభిప్రాయం. కాంట్రాక్టు ముగిసేలోగా ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల్సిన పోస్ట్‌డాక్‌కి, వార్త చల్లారేలోపు పేపర్ పెట్టకపోతే టెన్షన్ ఉంటుంది మరి. ఈ పరుగుకి మాలో మేము పెట్టుకున్న ఎగతాళి పేరు యాంబులెన్స్ ఛేజింగ్. తప్పు పట్టాలనుకుంటే ఇక్కడ పట్టండి, మోడల్ తప్పయినందుకు కాదు.

అపోహ: కాగితం, పెన్ను, కాస్త ఊహాశక్తి ఉంటే మోడల్ కట్టేయొచ్చు

కొత్త కణాన్ని చేర్చడం నిజంగానే తేలిక. లాగ్రాంజియన్‌లో (సిద్ధాంతమంతా ఇమిడే మూల సూత్రం) రెండు మూడు టర్మ్‌లు రాస్తే కణం వచ్చేస్తుంది. అది ఇదివరకటి కొలతల చేతిలో ఈపాటికే చచ్చిపోలేదని చూపించడానికి మాత్రం నెలలు పడుతుంది. ఉదాహరణకు, ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నలాంటి మ్యూయాన్ ఒక ఎలక్ట్రాన్‌గానూ ఫోటాన్‌గానూ విడిపోవడం లక్ష కోట్ల మ్యూయాన్లు విడిపోతే సగటున ఒకసారి కూడా జరగదని స్విట్జర్లాండ్‌లోని మెగ్ ప్రయోగం తేల్చింది. ఎంతో ముచ్చటగా కనిపించే మోడల్స్ ఆ ఒక్క సంఖ్య ముందు కూలిపోతాయి. దాన్ని తప్పించుకున్నవి ప్రోటాన్ ఆయుష్షు దగ్గరో, జెడ్ బోసాన్ కొలతల దగ్గరో దొరికిపోతాయి. వీటన్నిటినీ దాటాక ఫైన్‌మన్ డయాగ్రమ్‌లతో (కణాల ప్రక్రియలకు గీసే బొమ్మలు) లెక్క, మ్యాడ్‌గ్రాఫ్, పిథియా లాంటి ప్రోగ్రాములతో ఘటనల సిమ్యులేషన్, డిటెక్టర్ ఎంతవరకు పట్టుకోగలదన్న లెక్క, అన్నీ వరుసగా వస్తాయి.

విశ్వరహస్యం ఛేదించామంటూ అపరిచితుల నుంచి మాకు మెయిళ్లు వస్తుంటాయి. వాటిలో ఊహాశక్తికి లోటుండదు. పాత కొలతలతో సరిచూసే పని మాత్రం ఉండదు.

అపోహ: తప్పని తేలిన మోడల్ వల్ల పోయింది కాలమూ డబ్బే

1974లో జార్జై, గ్లాషో కలిసి ఎస్‌యూ(5) అనే మోడల్ రాశారు. విద్యుదయస్కాంత బలం, కొన్ని కణాలు విడిపోయేలా చేసే బలహీన బలం, కేంద్రకాన్ని పట్టి ఉంచే దృఢ బలం మూడింటినీ ఒకే గణిత నిర్మాణంలోకి తెచ్చిన మోడల్ అది. ప్రోటాన్ ఆవేశం, ఎలక్ట్రాన్ ఆవేశం పరిమాణంలో సరిగ్గా సమానంగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు అందులో సహజంగానే జవాబు దొరుకుతుంది. నేను చదివిన మోడల్స్‌లో అంత అందమైనవి తక్కువ. దాని ప్రకారం ప్రోటాన్ శాశ్వతం కాదు, ఎప్పుడో ఒకప్పుడు విడిపోవాలి.

దాన్ని పట్టుకోవడానికి 1980లలో అమెరికాలో ఒక ఉప్పు గనిలో ఐఎంబీ, జపాన్‌లో భూగర్భంలో కామియోకాండే డిటెక్టర్లు కట్టారు. వేల టన్నుల నీళ్లు నింపి, చుట్టూ కాంతిని పసిగట్టే గొట్టాలు పెట్టి ఎదురుచూశారు. ఏ ప్రోటానూ విడిపోలేదు. ఎస్‌యూ(5) అతి సరళమైన రూపంలో అక్కడితో ముగిసిపోయింది, దాని అందం దాన్ని కాపాడలేదు.

ఆ డిటెక్టర్లు మాత్రం అక్కడే ఉన్నాయి. 1987 ఫిబ్రవరి 23న పక్కనున్న చిన్న గెలాక్సీలో పేలిన నక్షత్రం నుంచి న్యూట్రినోలు అనే, దేన్నీ దాదాపు తాకకుండా పోయే కణాలు భూమిని దాటి వెళ్లాయి. కామియోకాండేలో 11, ఐఎంబీలో 8 చిక్కాయి. తర్వాత కట్టిన సూపర్-కామియోకాండేలో 50,000 టన్నుల నీళ్లున్నాయి. న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి మరో రకానికి మారుతున్నాయని 1998లో అది చూపించింది. అలా మారాలంటే వాటికి ద్రవ్యరాశి ఉండాలి. తెలిసిన మూలకణాలనూ గురుత్వాకర్షణ తప్ప మిగతా బలాలనూ వర్ణించే స్టాండర్డ్ మోడల్‌ని మొదట రాసిన రూపంలో న్యూట్రినోకి ద్రవ్యరాశి లేదు. అంటే అదే మార్చుకోవాల్సి వచ్చింది. ఈ పనికి 2015లో నోబెల్ వచ్చింది. ప్రోటాన్ మాత్రం ఇప్పటికీ విడిపోలేదు, దాని ఆయుష్షు 10 పక్కన 34వ ఘాతం వేసినన్ని ఏళ్లకు పైనే అని అదే ట్యాంకు చెబుతోంది.

ప్రతి తప్పు మోడల్ వెనకా ఇలాంటి కథ ఉంటుందని అనను. చాలా మోడల్స్ తప్పని తేలి, ఎవరికీ గుర్తుండకుండా పోతాయి.

అపోహ: ప్రయోగం కాదంటే మోడల్ కథ ఆ రోజుతో సరి

ఏ ప్రయోగం, ఎవరు మళ్లీ చేసి చూశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 1957లో సుదర్శన్, మార్షక్ బలహీన బలానికి వీ-ఏ అనే రూపాన్ని ప్రతిపాదించినప్పుడు నాలుగు ప్రయోగాల ఫలితాలు దానికి అడ్డంగా ఉన్నాయి. మోడల్‌ని మార్చకుండా, ఆ ప్రయోగాలే మళ్లీ చేయాలని వాళ్లు రాశారు. వాటిలో ఒకటి, పయాన్ అనే అల్పాయుష్షు కణం నుంచి ఎలక్ట్రాన్ రావడం అసలు కనబడటం లేదన్న ఫలితం. 1958లో సెర్న్‌లో అది కనిపించింది. మోడలే నిలిచింది.

ఇది వినగానే "అయితే మీకు నచ్చని ప్రయోగాన్ని తప్పంటారన్నమాట" అని అడిగేవాళ్లుంటారు. అలా అనడానికి సాహసం కావాలి, అన్నిసార్లూ ఫలించదు కూడా. మ్యూయాన్ అయస్కాంత గుణం విషయంలో ఇంకో రకంగా జరిగింది. 2021లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ప్రయోగశాల కొలతను పాత బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల కొలతతో కలిపితే, అప్పటి సిద్ధాంత లెక్కకీ ప్రయోగానికీ మధ్య 4.2 సిగ్మాల (సిగ్మా అంటే అనిశ్చితిని కొలిచే యూనిట్) తేడా వచ్చింది. కొత్త కణాల మీద మళ్లీ పేపర్ల వరద. 2025లో ఫెర్మీల్యాబ్ తుది ఫలితం వచ్చేసరికి కొలిచిన విలువ దాదాపు అక్కడే ఉంది, కచ్చితత్వం ఇంకా పెరిగింది. మారింది సిద్ధాంతం వైపు సంఖ్య. దృఢ బలం వాటాని, స్థలకాలాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసే లాటిస్ పద్ధతిలో సూపర్‌కంప్యూటర్ల మీద నేరుగా లెక్కగడితే చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. స్టాండర్డ్ మోడల్ తప్పా అన్న ప్రశ్నకు ముందు, స్టాండర్డ్ మోడల్ అసలు ఏం చెబుతోందో సరిగ్గా లెక్క తీశామా అన్న ప్రశ్న ఉంటుంది. వార్తల్లో దీనికి చోటుండదు.

అపోహ: 5 సిగ్మా వచ్చిందంటే 99.9999 శాతం నిజమే

కాదు. కొత్తది ఏదీ లేకపోయినా, పాత ప్రక్రియల యాదృచ్ఛిక ఒడిదుడుకుల వల్లే ఇంత పెద్ద తేడా రావడానికి ఉన్న అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి. 5 సిగ్మా చెప్పేది ఇంతవరకే. మీ వివరణ సరైనదా అన్నది అది చెప్పదు. పరికరం సరిగ్గా పనిచేసిందా అన్నది అసలే చెప్పదు. 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగం, సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసో ప్రయోగశాలకి న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించినప్పుడు అది 6 సిగ్మాల ఫలితం. చివరికి తేలిన ముఖ్య కారణం సరిగ్గా బిగించని ఒక ఫైబర్ కేబుల్. సిగ్మాలు వదులు కేబుల్‌ని లెక్కలోకి తీసుకోవు.

అపోహ: తప్పని నిరూపించలేని మోడల్ సైన్స్ కాదు, ఒక్క దెబ్బతో తేలిపోవాలి

వినడానికి బాగుంటుంది, ఆచరణలో ఇంత తేలిగ్గా ఉండదు. ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే సూపర్‌సిమెట్రీనే తీసుకోండి. అది ఒక మోడల్ కాదు, ఒక పెద్ద కుటుంబం. దాని కనీస రూపంలోనే స్టాండర్డ్ మోడల్‌కి అదనంగా వందకు పైగా పారామీటర్లు (కొలిచి తేల్చుకోవాల్సిన సంఖ్యలు) ఉన్నాయి. సెర్న్‌లో ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రం ఎల్‌హెచ్‌సీలో ఫలానా బరువు దాకా గ్లుయినో (అలాంటి జోడీ కణాల్లో ఒకటి) లేదని తేలితే ఆ పారామీటర్ల ప్రపంచంలో ఒక పెద్ద ముక్క పోతుంది, మిగతాది మిగులుతుంది. ఆ మిగిలినదాన్నీ తుడిచేసే ఒకే ఒక్క ప్రయోగం లేదు.

కానీ సూపర్‌సిమెట్రీని అంతగా కోరుకోవడానికి పెద్ద కారణం, మూలకణాలకు ద్రవ్యరాశి వచ్చే తీరుతో ముడిపడిన హిగ్స్ కణం ద్రవ్యరాశి ఇంత తక్కువగా ఎందుకుందో అది సహజంగా వివరిస్తుందన్న ఆశ. ఆ వివరణ పనిచేయాలంటే కొత్త కణాలు మరీ బరువుగా ఉండకూడదు. వాటి బరువు హద్దు పైకి జరిగేకొద్దీ ఆ వివరణ పలచబడుతోంది. మోడల్ చావలేదు, దాన్ని కావాలనుకున్న కారణం చాలావరకు చచ్చింది. నా మట్టుకు నాకు ఇది కూడా ప్రకృతి చెప్పిన జవాబే. ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర మంచి వాదనలే ఉన్నాయి.

చిన్న చిన్న అపోహలు ఇంకొన్ని. "మన శరీరం బరువంతా హిగ్స్ వల్లే": ప్రోటాన్ ద్రవ్యరాశి 938 మెగా ఎలక్ట్రాన్ వోల్టులైతే, హిగ్స్ వల్ల దాని మూడు క్వార్కులకు (ప్రోటాన్‌ని కట్టే మూలకణాలు) వచ్చేది 9 దాకా, అంటే ఒక శాతం. మిగతాది చాలావరకు క్వార్కులను పట్టి ఉంచే దృఢ బలం శక్తి. "మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో చెప్పే ఆలోచన ఒక్క హిగ్స్‌దే": 1964లో ఆరుగురు మనుషులు మూడు పేపర్లుగా ఇంచుమించు ఒకే సంగతి రాశారు. "గొప్ప పేపర్‌ని లోకం వెంటనే గుర్తిస్తుంది": విద్యుదయస్కాంత, బలహీన బలాలను కలిపిన వైన్‌బర్గ్ 1967 నాటి పేపర్‌ని తొలి నాలుగేళ్లు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. అలాంటి సిద్ధాంతాల్లో లెక్కలు అనంతాల్లో చిక్కుకోవని 1971లో టి హూఫ్ట్ చూపించాకే అందరూ వెనక్కి వెళ్లి దాన్ని చదివారు.

అపోహ: ఫిజిక్స్ మోడల్ ఇంత కచ్చితంగా ఉంటే, మిగతా రంగాల మోడల్స్ అంతకంటే తక్కువరకం

ఈ గర్వం మా వాళ్లలోనే ఎక్కువ. మాకున్న సౌకర్యం ఇతరులకు లేదు. ఎలక్ట్రాన్లన్నీ అచ్చం ఒకేలా ఉంటాయి. ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్ గుంపులు సెకనుకి కోట్లసార్లు ఎదురెదురవుతాయి, నచ్చినన్నిసార్లు మళ్లీ చూడొచ్చు. అంటువ్యాధి మోడల్ కట్టేవాళ్లకు ఒకే వ్యాధి, ఒకే జనాభా, ఒకే అవకాశం. పైగా వాళ్ల అంచనా విని జనం జాగ్రత్తపడితే ఆ అంచనాయే తప్పవుతుంది. ఎలక్ట్రాన్లు మా పేపర్లు చదివి దారి మార్చుకోవు. అక్కడ మోడల్ పని రేపు ఏ నిర్ణయం తీసుకోవాలో చెప్పడం. దాన్ని 5 సిగ్మాలతో కొలవాలనడం అన్యాయం.

అపోహ: హిగ్స్ దొరికింది, ఇక కొలైడర్‌కి పని లేదు

2012 జులై 4న హిగ్స్ ప్రకటన వచ్చాక స్టాండర్డ్ మోడల్‌కి అవతల కొత్త మూలకణం ఏదీ దొరకని మాట నిజమే. క్వార్కులతో కట్టిన కొత్త కణాలు మాత్రం ఎల్‌హెచ్‌సీలో డెబ్బైకి పైగా బయటపడ్డాయి, 2015లో ఐదు క్వార్కుల పెంటాక్వార్కులతో సహా. అసలు వెలితి ఇంకోచోట ఉంది. హిగ్స్ తనతో తాను ఎంత బలంగా తలపడుతుందో స్టాండర్డ్ మోడల్ ఇప్పటికే చెప్పేసింది. హిగ్స్ ద్రవ్యరాశి 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని తెలిశాక అది సుమారు 0.13 అని రెండు లైన్లలో లెక్క తేలుతుంది. దాన్ని కొలవాలంటే ఒకే ఢీలో రెండు హిగ్స్‌లు పుట్టాలి, అది చాలా అరుదు. ఇప్పటిదాకా ఉన్న కొలతలు ఆ విలువ సున్నా అన్నా కాదనలేకపోతున్నాయి. ఢీల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచే హై-ల్యూమినాసిటీ ఎల్‌హెచ్‌సీని 2030లో మొదలుపెట్టాలన్నది సెర్న్ ప్రణాళిక, దాని ప్రధాన లక్ష్యాల్లో ఈ 0.13ని కొలవడం ఒకటి.